సరోజ దాచిన చుట్ట

“వేరే పిల్లని చూసుకో బావా.”

గుడివాడ ఆసుపత్రి వరండాలో జల్లు మీద పడుతున్నా లోపలికి జరక్కుండా కూర్చుని, సరోజ ఆ మాట అనేసింది. నూకరాజు టీ తాగుతూనే ఉన్నాడు.

“చూశాలే. ఒక్కదానికీ నీ అంత పొగరు లేదు.”

“వేళాకోళమా? డాక్టరమ్మ చెప్పింది విన్లేదా?”

వినకేం! సరోజ అండాశయం మీద గడ్డ ఉంది. స్కానింగులో మామూలు గడ్డలాగే కనిపిస్తోంది. కానీ రక్తపరీక్షలో ట్యూమర్ మార్కర్ ఒకటి ఎక్కువొచ్చింది. కేన్సరేమోనని అనుమానం. అవసరమైతే గర్భసంచి కూడా తీసెయ్యాలంది.

“పిల్లల్లేకపోతే ఏం? చెరువు తవ్వుకుని చేపలు పెంచుకుందాం” అన్నాడు నూకరాజు.

సరోజకి ఏడుపు ముంచుకొచ్చింది. డాక్టరమ్మ ఇందాక ఇంకో మాట కూడా అంది. “పొగ తాగేవాళ్ళలో ఈ మార్కర్ కొంచెం పెరుగుతుంది. నీకా అలవాటు లేదుగా?” పక్కనే కాబోయే అత్త సత్యవతి కూర్చుంది. “అబ్బే, లేదండీ” అనేసింది సరోజ.

పచ్చి అబద్ధం. బందరు దగ్గర గిలకలదిండిలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, ఆ కంపుకి కడుపులో తిప్పకుండా చుట్ట ముట్టిస్తారు. తల్లి పోయాక ఆ పనిలోకి దిగిన సరోజకీ అలవాటైంది. నూకరాజు తండ్రి రత్తయ్యేమో చుట్టలు కాల్చి కాల్చి గొంతు కేన్సరుతో పోయాడు. నాగాయలంకలో వాళ్ళింట్లో చుట్ట పేరెత్తితే ఊరుకోరు.

నిజం చెబితే బావ దక్కడు. చెప్పకపోతే గర్భసంచి దక్కదు. ఏం చేస్తుంది పాపం!

“బావా, నేను చుట్ట తాగుతాను.”

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు నూకరాజు.

“మా నాన్న సంగతి తెలిసీనా?”

“తెలిసే దాచాను.”

గ్లాసు గట్టు మీద పెట్టి, వానలోకి దిగి, గేటు దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సరోజ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

“అత్తా, నువ్వూ రా. నీ ఎదురుగానే చెప్పాలి.”

డాక్టరమ్మ అంతా విని చివాట్లు పెట్టింది. “అంత కోతకి సిద్ధపడ్డావు గానీ, ఈ ముక్క చెప్పలేకపోయావా? పొగవల్లే పెరిగిందని ఇప్పుడే చెప్పలేను. మానేసి, కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం ఇవ్వు. తగ్గితే గడ్డొక్కటే తీస్తాం.”

పామర్రులో ఇద్దరూ బస్సు మారాలి. సత్యవతి “వస్తానే” అనైనా అనకుండా నాగాయలంక బస్సెక్కేసింది.

సరోజ చుట్ట మానేసింది. అన్నం సయించేది కాదు. బావ ఫోన్ చెయ్యలేదు. వానలు పోయి మంచు పడసాగింది. రక్తంలో ఆ లెక్క తగ్గింది. గడ్డొక్కటే తీశారు. పరీక్షకి పంపితే కేన్సరు కాదని తేలింది.

ఆ కబురు వచ్చిన పూట కళ్ళు తెరిచేసరికి, మంచం పక్కన నూకరాజు.

“ఎందుకొచ్చావు?”

“నేను కాళ్ళు పట్టుకుని ఏడ్చినా నాన్న మానలేదు సరోజా. మళ్ళీ ఆ ఏడుపు నావల్ల కాదని పారిపోయాను. నిన్నొదిలి ఉండటం అంతకంటే కష్టంగా ఉంది.”

“నాకింకా తాగాలనిపిస్తుంది బావా. రోజూ అనిపిస్తుంది.”

“అనిపించినప్పుడల్లా ఫోన్ చెయ్యి. చేపల ఐసు వ్యాను నడుపుతున్నా సరే, ఆపి మరీ తిడతాను.”

సరోజ నవ్వింది. కుట్లు లాగి “అమ్మా!” అంది.

గుమ్మంలో సత్యవతి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, కళ్ళు తడిగా ఉన్నాయి. సరోజ గబుక్కున లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టింది.

“మీ నాన్న చచ్చేదాకా మానేశాననే చెప్పాడ్రా నాతో” అంది కొడుకుతో. “ఇది నా మొహం మీదే నిజం చెప్పింది. నాకీ కోడలే కావాలి.”