అలిసిన చేతికి పాఠం

"ఈ చెయ్యి మీరే ఉంచుకోండి మేడమ్. దీనికీ నాకూ పడటం లేదు."

ఫొటో ఫ్రేములు కట్టే కుర్రవాడు మోచేతి కింద తగిలించుకున్న మోటారు చేతిని ఊడదీసి టేబుల్ మీద పెట్టాడు. మేడమ్ అంటే పెద్దావిడేం కాదు, అతని ఈడుదే. కృత్రిమ అవయవాల సెంటర్లో ఇంజినీరు. అతని కండరాల మాట వినడం ఆ చేతికి నేర్పింది ఆమే.

"పాపం, అదేం చేసింది?"

"మొన్నొక అద్దం, నిన్నొక అద్దం పగలగొట్టింది. ఇంకొకటి పగిలితే బల్ల దగ్గరికి రావద్దు, కౌంటర్లో కూర్చోమన్నారు మా నాన్న. ఫ్రేములు కట్టకుండా ఉండటం నా వల్ల కాదండీ."

"ఎక్సర్‌సైజులు ఎగ్గొడుతున్నారు కదూ?"

అతనికి ఒళ్లు మండింది. చెయ్యి తగిలించుకుని ఆమె ఇచ్చిన పేపర్ కప్పు పట్టుకున్నాడు. కప్పు నలగలేదు, జారలేదు.

"చూశారా? బానే ఉంది."

"మీ ముందు నంగనాచిలా ఉంటుంది. దీని వేషాలన్నీ షాపులోనే. వచ్చి చూడండి!"

పంతానికి పోయి ఆమె ఆ సాయంత్రమే వానలో తడుస్తూ షాపుకి వెళ్లింది. సెంటర్ నుంచి వచ్చింది మొదలు పనిలోనే ఉన్న కుర్రవాడు అద్దం ఎత్తాడు. వేళ్లు వాటంతటవే విడిపోయాయి. ఆమె ఒక్క ఉదుటున వచ్చి కింది అంచు పట్టుకుంది. అద్దానికి అటు ఆమె, ఇటు అతను. ఎవరూ ముందుగా చూపు తిప్పుకోలేదు.

తర్వాత లాప్‌టాప్ తెరిచి, నాలుక కరుచుకుంది.

"తప్పు నాదే. మీ కండరాల సిగ్నళ్లు ఎప్పుడూ పొద్దున్నే రికార్డు చేశాను. కండరం అలిసిపోతే అది పంపే సిగ్నల్ మారిపోతుంది. మీరు పట్టుకోమంటున్నా దానికి అర్థం కావట్లేదు."

"మరి నన్ను తిట్టారే!"

"సారీ అన్నానుగా."

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడు! రండి, ఈ అలసట మీదే మళ్లీ నేర్పుదాం."

పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. వాన వెలిసేదాకా అదే పని. చివరికి పెద్ద అద్దం ఎత్తాడు. కౌంటర్లో తండ్రి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అద్దం ఫ్రేములో కూర్చుంది. తండ్రి ఇంకో ఫ్రేము తెచ్చి కొడుకు ముందు పెట్టాడు. కుర్రవాడి కళ్లు చెమర్చాయి.

"ఇక నాతో పనిలేదు మీకు," అంటూ ఆమె బ్యాగు సర్దుకుంది.

"పని లేకపోతే రారా?" అతను బల్ల వదిలి ముందుకొచ్చాడు. "చెయ్యి బాగున్నా సరే, మీరు రోజూ రావాలనుందండీ నాకు."

ఆమె బ్యాగు జిప్పుతో కాసేపు కుస్తీ పట్టింది.

"పని ఉంటే సెంటర్‌కి మీరే రావాలి. పని లేకపోతేనే నేనొస్తా."

తండ్రి తల తిప్పకుండానే అన్నాడు: "రేపు షాపు పెందలాడే కట్టేద్దాంరా."