సున్నపుగుట్ట ఊపిరిపువ్వు

పగలు మూడు గంటలు దాటింది... అయినా గుడ్లగూబ కూసింది!

పంతొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి నెల. సూర్యగ్రహణం. రేగొండ అవతల సున్నపుగుట్ట కింద తండాలో తలుపులన్నీ మూసుకున్నాయి. కోళ్లు పట్టపగలే గంపల కిందికి దూరాయి. ఎండ ఎండలా లేదు... రాగిచెంబు తోమిన నీళ్లలా ఉంది. మబ్బు లేని ఆకాశంలో ఉరుము ఉరిమింది. ఆ ఉరుము కిందికి దిగి, గుట్ట కడుపులో చాలాసేపు దొర్లింది...

ఆ వేళ నిట్టనిలువు బండ మీద ఒక ఆడపిల్ల బల్లిలా పాకుతోంది. కళ్లు మూసుకునే పాకుతోంది!

ఆమె రాజీ. ఇరవై ఏళ్లది. మూడు రోజులుగా ఆమె ఆమె కాదు. అన్నం ముట్టదు. మగ గొంతుతో నవ్వుతుంది. ఆ గొంతు ఎవరిదో తండా అంతటికీ తెలుసు. జనగామ నుంచి వచ్చి గుట్ట కింద సున్నపు బట్టీ పెట్టిన వెంకట్రాజం సేటుది. పైకి వ్యాపారి... లోపల ఘోర క్షుద్రోపాసకుడు! బట్టీలో రాళ్లు మోసే రాజీ తలవెంట్రుక ఒకటి ఏరుకుని పుర్రెకు చుట్టాడు. అంతే. ఆమె నడక, నవ్వు అన్నీ వాడివైపోయాయి.

రాజీ వెనక, మేకల దారిన, ఒగరుస్తూ తల్లి తుల్సీబాయి ఎక్కుతోంది. చెట్ల మందు ఇచ్చే మనిషి. ఆ గుట్టలో ఏ ఆకు ఏ నొప్పికో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. కానీ ఇవాళ ఏ ఆకు వైపూ చూడలేదు... చూపంతా బిడ్డ పాకే బండ మీదే.

పైన గుహ నోరు. లోపల పసుపు, కుంకుమ, నల్లకోడి రక్తం, నడుమ పుర్రె. ఆ వెనక, మట్టి అన్నది లేని సున్నపురాతి పగులులో... అది!

ఊపిరిపువ్వు. సున్నం పూసినట్టు తెల్లని ఆకులు. మధ్యన అరచేయంత నీలిపువ్వు. రేకులు మూసుకుంటున్నాయి... తెరుచుకుంటున్నాయి... అచ్చం రొమ్ము ఎగసిపడుతున్నట్టు! భూప్రపంచంలో అది పుట్టేది ఆ ఒక్క గుట్టలోనే. పన్నెండేళ్లకు ఒక్కసారే పూస్తుంది.

వెంకట్రాజం కత్తి పట్టుకుని కూర్చున్నాడు. రాజీ వచ్చి అతని ముందు మోకరిల్లి, తనంతట తానే మెడ చాపింది.

"రా తుల్సమ్మా. బిడ్డ సావు సూడ సక్కటి జాగ సూసి కూసో," అన్నాడు.

"సేటూ, నా బిడ్డను ఇడిచిపెట్టు. నన్ను కొయ్యి."

"నీ నెత్తురుల ఏమున్నది? సగం తంబాకే," అని నవ్వాడు. "సూర్యుడు గోరంత కాంగనే గీ పిల్ల నెత్తురు వేర్లకు, పువ్వు నా నోట్లకు. ఇగ నాకు సావన్నదే లేదు."

వెలుగు సన్నబడుతోంది... తుల్సీబాయి బిడ్డ మెడ వైపు చూసింది. పువ్వు వైపు చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది.

"పువ్వు తెంపుతవు సరే. దానికి చెప్పినవా?"

"ఏంది చెప్పేది?"

"ఎవ్వరి పెయ్యిలకు, ఎవ్వరి ఒంట్లకు పోవాల్నో. మేం తుమ్మచెక్క గీకినా పేరు చెప్పి గీకుతం. చెప్పకుంటే చేతులనే మాడిపోతది."

"నా మంత్రగ్రంథంల గట్ల లేదు."

"గ్రంథం రాసినోడు గీ గుట్ట ఎక్కిండా సేటూ?"

వెంకట్రాజం పువ్వును వేలితో తాకి చూశాడు. రేకులు ముడుచుకుని అంచులు నల్లబడ్డాయి! అతని ముఖం పాలిపోయింది. సూర్యుడు గోటిముక్క అయ్యాడు. ఇక ఆలస్యం చేయలేదు. నీళ్లు చల్లి గోత్రం చెప్పాడు, తాత పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. "వెంకట్రాజం అనెటోన్ని నేను. నా పెయ్యిలకే రా," అని ముమ్మారు పలికాడు.

తుల్సీబాయి తల దించుకుంది.

చెట్ల మందు కోసేవాళ్లు చెప్పేది ఎక్కడో ఇంట్లో మంచం పట్టినవాళ్ల పేరు. చెట్టు అంతదూరం తనంతట తాను పోలేదు, కోసిన చేతిలోనే పోవాలి. తన పేరు తానే వేరు ముందు చెప్పినవాడు ఆ గుట్టలో ఇంతవరకూ లేడు. మనిషి ఎదురుగా ఉంటే... చెట్టు కోసేదాకా ఎందుకు ఆగుతుంది?

పగులులోంచి తెల్లని వేరు జరజరా పాకి వచ్చింది. అతని మడమలోకి దిగింది! కత్తి జారింది. కాళ్లు తెల్లబడ్డాయి... మోకాళ్లు బిగిశాయి... నడుము రాయైంది! పుర్రె ఫట్టుమని పగిలింది. చుట్టిన వెంట్రుక తెగింది. రాజీ నేలకు ఒరిగింది.

"తియ్యి... తుల్సమ్మా... తియ్యి దీన్ని..."

"నువ్వు రమ్మన్నవు. అది వచ్చింది."

అతను ఇంకేదో అనబోయాడు. తెరిచిన నోట్లోంచి నీలిమొగ్గ పైకి వచ్చి విచ్చుకుంది... ఊపిరి పీల్చింది... వదిలింది!

మెల్లగా ఎండ తిరిగి వచ్చింది. రాజీ కళ్లు తెరిచి తల్లిని చూసి, "యాడీ, గీడికి ఎట్లొచ్చిన? కడుపుల ఆకలి దంచుతున్నది," అంది. తుల్సీబాయి బిడ్డను రొమ్ముకు అదుముకుని ఏడ్చింది. చెయ్యి పట్టి మేకల దారిన దింపసాగింది.

సగం దిగారు. పైన గుహలోంచి సన్నగా, రాయి రాయికి రాసుకున్నట్టు... "నీళ్లు..."

రాజీ ఆగింది. "యాడీ, ఎవరో దూపైతున్నదంటున్నరు."

"బండకు దూపేందే బిడ్డా," అంది తుల్సీబాయి, వెనక్కి తిరగకుండానే. "కింద సూసి అడుగెయ్యి."