పరదా అవతలి అల్లుడు

"ఆగు! ఆవిణ్ణి ముట్టుకోకు!"

నబ్బోసా కేకకి ఉగాండాలోని మసాకా ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డంతా తిరిగి చూసింది. నర్సు బకారి చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది. తుంటి విరిగి ఆ ఉదయమే చేరిన పెద్దావిడకి అతను అప్పటికే ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, మెల్లగా పక్కకి తిప్పి పడుకోబెట్టాడు.

"స్నానాలవీ చుట్టాలు చేసుకుంటారిక్కడ. నర్సులు కాదు!"

"చుట్టాలెవరూ రాలేదు మరి. తడి పక్కమీదే ఉంచమంటావా?"

"వచ్చాగా! ఆవిడ మా అమ్మ."

పిల్లల వార్డు నర్సు నబ్బోసాతో అతనికి ఏడాదిగా ప్రేమ. ఆ వారమే వాళ్ళమ్మ దగ్గర పెళ్ళి మాట ఎత్తాలనుకున్నారు. బకారి ముఖం వెలిగిపోయింది.

"అయితే అత్తగారికే సేవ చేశానన్నమాట! కెన్యాలో, మా లాము దీవిలో అత్తగారి చెయ్యి ముద్దుపెట్టుకుని మరీ పలకరిస్తాం."

"మా గాండావాళ్ళలో అల్లుడు అత్తగారి దరిదాపులకే రాకూడదు మహానుభావా! ఎడంగా ఉండటమే మాకు మర్యాద. ఇప్పుడు నిన్ను అల్లుడిగా చేసుకోమని ఏ మొహంతో అడగను?"

"ఇప్పుడే అడగకు. ఆవిడ నడిచేదాకా నేను నర్సునే."

అన్నంతపనీ చేశాడు. ఆపరేషన్ అయ్యాక పదిరోజులు దగ్గరుండి లేవదీశాడు, నిలబెట్టాడు, నవ్వించి నవ్వించి నాలుగడుగులు వేయించాడు. "మావాళ్ళకంటే నీ చేతులే నయమయ్యా" అనేది ఆవిడ. ఆ మాటకి బకారి రోజంతా గాల్లో తేలేవాడు.

పదోరోజు సాయంత్రం నబ్బోసా తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చుని అంతా చెప్పేసింది.

మర్నాడు వాకర్ పట్టుకొచ్చిన బకారిని చూడగానే ఆవిడ తలమీదికి గుడ్డ లాక్కుని గోడవైపు తిరిగింది. "ఆ అబ్బాయి వద్దు. వేరే నర్సుని పంపించండి."

బకారి వాకర్ అక్కడే వదిలేసి పరదా వేసి ఇవతలికి వచ్చాడు.

"అయిపోయింది నబ్బోసా. కాదనేసింది."

నబ్బోసా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పిచ్చి మొద్దూ! కాదనుకుంటే నీ చెయ్యి పట్టుకునే నడిచేది. నర్సు దగ్గర ఆవిడకి సిగ్గేమిటి? మొహం చాటేసింది అల్లుడి దగ్గర!"

లోపల వాకర్ టకటకలాడింది. పక్కమంచం ఆవిడకే కాదు, వార్డు మొత్తానికీ వినిపించేలా పెద్దావిడ గొంతు లేచింది. "చూడండమ్మా నా నడక! నన్ను నిలబెట్టింది ఎవరనుకున్నారు? మా అల్లుడు!"

ఆసుపత్రిలో ఏ డాక్టరూ అప్పుడు బకారి నిలబడ్డంత నిటారుగా నిలబడి ఉండడు.

"నబ్బోసా" అన్నాడు బకారి, గొంతు సవరించుకుని, "కుడికాలు ఇంకాస్త ముందుకు వెయ్యమని చెప్పు... మా అత్తగారికి."