పెదవులకు సరిపోయిన మాట

ఫిల్మ్‌నగర్ సామ్రాజ్యంలో సంభాషణల రచయితగా వెలుగొందుతున్న సాయిశ్రీనివాస్‌కు తొలిసారి ఎదురుతిరిగినది ఒక మైకు. నిజానికి మైకు కాదు, దాని వెనక నిలబడిన డబ్బింగ్ కళాకారిణి స్ఫూర్తి.

"గీ డైలాగ్ నేను చెప్ప."

తెరమీద డాక్టరు వేషం కట్టిన ముంబయి నటి, డౌన్ సిండ్రోమ్ బిడ్డను కన్న ఒక తల్లి ఎదుట పెదవులు కదిపి ఆగిపోయింది. ఆ పెదవులకు గొంతు ఇవ్వవలసినది స్ఫూర్తి. పలకవలసిన మాట: "నువ్వు మింగిన మాత్రలే బిడ్డను ముంచాయి."

"ఎందుకండీ? పంచ్ ఉంది కదా?" అన్నాడు సాయి, భీమవరపు వినయంతో.

"అబద్ధం గూడ ఉంది. మా తమ్ముడు సృజన్‌కు డౌన్ సిండ్రోమ్. కడుపుతోని ఉన్నది తెల్వక మా అమ్మ పిల్లలు పుట్టకుండ ఏసుకునే మాత్రలు కొన్నిరోజులు ఏసుకుంది. గందుకే పిల్లగాడు గిట్ల పుట్టిండని ఇప్పటికీ కుములుతది."

"డాక్టర్లు ఏమన్నారండీ?"

"మాత్రలకు సంబంధం లేదన్నరు. మా అమ్మ అసలు డాక్టర్ను నమ్మది సార్, సినిమా డాక్టర్నే నమ్ముతది. మీ బొమ్మ చూసినంక ఆమెకు నేనేం చెప్పాలె?"

హెడ్‌ఫోన్లు తీసిపెట్టి వెళ్లిపోయింది.

అటుపిమ్మట వర్షమూ విరహమూ జూబ్లీహిల్స్ మీద ఏకకాలంలో దండెత్తాయి. సామాన్య ప్రేమికులకు దూరమైన ప్రేయసి వినబడదు. స్ఫూర్తిని పైకి చెప్పకుండానే ప్రేమిస్తున్న సాయి యాతన అంతకన్నా ఘనమైనది: ఆమె గొంతు అంతటా వినబడేది. చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో పక్క కారు ఎఫ్ఎంలో నగలమ్మేది. ఇరానీ హోటల్ టీవీలో ఎవరి ముఖంతోనో, ఎవరినో "వెళ్లొద్దు" అని బతిమాలేది. అతని ఫోన్‌కు మాత్రం పలికేది కాదు.

తన సంభాషణకు ఆధారమేమిటని ఆత్మశోధన చేసుకోగా, పిన్ని లీలాకుమారి ఆవకాయ కలుపుతూ అన్న ఒకానొక మాట తేలింది. సిగ్గుపడి, జన్యువైద్యురాలిని ఆశ్రయించాడు.

"డౌన్ సిండ్రోమ్‌లో క్రోమోజోమ్ ఒకటి ఎక్కువవడం చాలావరకు అండం తయారయ్యేటప్పుడు దానంతటది జరిగే పొరపాటు," అందావిడ. "తల్లి వయసుతో అవకాశం పెరుగుతుంది. మాత్రల వల్లనని ఆధారమేమీ దొరకలేదు. ఇందులో ఏ తల్లి తప్పూ లేదు."

మాట మార్చవచ్చు, చిత్రీకరించిన పెదవులను మార్చరాదు. రీషూట్ అన్న శబ్దానికే దర్శకుడు త్రినాథరావు రౌద్రమూర్తి అవుతాడు. కనుక సాయి ఆ షాటును వేదంలా వల్లించాడు. పెదవులు కలిసేచోట ప, బ, మ వంటి పెదవులు కలిపే అక్షరమే పడాలి. అప్పుడు గమనించాడు, వాక్యం చివర నటి ముఖం పక్కకు తిప్పింది. అదనంగా ఒక్క అక్షరాన్ని దాచుకోవడానికి ఆ జాగా చాలు.

"కొత్త మాట రాశానండీ. మీ అమ్మగారినీ తీసుకురండి," అని సందేశం పంపాడు.

ఆమె స్టూడియోకు వచ్చింది. వెనక సోఫాలో తల్లి నీలమ్మ, పక్కన సృజన్. స్ఫూర్తి పలికింది:

"నువ్వు మింగిన మాత్రలు బిడ్డను ముంచలేదు."

తెరమీది తల్లి వెక్కివెక్కి ఏడ్చింది. ఒక్క ఫ్రేమూ మారలేదు. నింద మోయడానికి చిత్రీకరించిన కన్నీళ్లే ఇప్పుడు బరువు దించుకుంటున్నాయి.

"ఏడుపు మ్యాచయింది. ఉంచెయ్," అని త్రినాథరావు శాసించాడు.

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా డాక్టరమ్మను ఇంకోసారి చెప్పమను బిడ్డా."

స్ఫూర్తి మళ్లీ చెప్పింది. ఈసారి తెరవంక చూడలేదు, తల్లివంక చూసింది.

"సిన్మా మంచిగుందమ్మా, ఏడ్వకు," అని సృజన్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

బయట వాన. పోర్టికోలో స్ఫూర్తి సాయిని ఆపింది. "గన్ని మిస్డ్‌కాల్స్ ఎందుకు సార్? ఏదో చెప్పాలనేగా? చెప్పుండ్రి."

మాటల సామ్రాట్టు పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

ఆ కదలికను ఆమె వృత్తిధర్మంగా పరిశీలించింది. ఆపైన, అచ్చమైన భీమవరం యాసలో, అతని తరఫున తానే పలికింది:

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ." ఆగి, కళ్లెగరేసింది. "సింక్ అయిందా సార్?"

"ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదండీ."