అడ్డంగా ఊగే అద్దం

ప్రాజక్త, ముప్పై నాలుగేళ్లు. రాత్రి పని ముగించుకొచ్చాక, మెట్ల పక్కన నిలబెట్టిన నాన్న ఫియట్ కారు అద్దాలు చున్నీ అంచుతో తుడిచి గానీ పైకెక్కదు.

ముంబై కామాటిపురలో ఆ గల్లీ చివరి మూలకి చెడ్డపేరు తెచ్చినవి ఆ అద్దాలే. టాక్సీ శంకర్రావు ఆ కారులోనే, స్టీరింగు మీద తల వాల్చి పోయాడు. దినాలయ్యాయో లేదో... తాళం వేసిన బండికి అద్దం దానంతటదే తిరగడం మొదలుపెట్టిందట. అదీ కూతురు పక్కన నిలబడితేనే. కొడుకు నిలబడితే కదలదట. దెయ్యాలకి కూడా కొడుకంటే అంత మర్యాద మరి.

ఆ పాతకాలపు బండికి రిమోట్ అద్దాలేమిటంటారా? టీవీ రిమోట్ లాంటిది కాదు. డ్రైవరు చేతి దగ్గర చిన్న మీట నొక్కితే తలుపు బయట అద్దం తిరుగుతుంది. ముసలితనంలో భుజం పట్టేసి శంకర్రావు చెయ్యి అవతలి తలుపు దాకా చాచలేకపోయేవాడు. ఫోరస్ రోడ్డులో కార్ల వైరింగు పనిచేసే ప్రాజక్త, తుక్కుకి పోయిన ఒక కొత్తరకం కారు నుంచి మోటారు అద్దాలు ఊడదీసుకొచ్చింది. అవి ఫియట్ తలుపుకి కుదరలేదు. ముందు కిటికీలో ఉండే చిన్న ముక్కోణం గాజు తీసేసి, ఆ కొలతకి అల్యూమినియం రేకు కోసి, దానిమీద అద్దాన్ని బోల్టులతో బిగించింది. అన్న నిలేష్ పక్కన టార్చి పట్టుకున్నాడు.

"చూడు దాదా, అద్దానికి మూడు తీగలు. ఒకటి రెండిట్లకీ కామన్. ఒకటి అడ్డంగ తిప్పుతది, ఇంకోటి నిలువుగ. ఏది లేకపోయినా సగం పనే," అని చెప్పింది. నిలేష్ శ్రద్ధగానే విన్నాడు.

"బండి నీదే బిడ్డా," అన్నాడు శంకర్రావు ఆ రోజు. అన్నాడంతే, కాగితం మీద రాయలేదు. షాపు పని మానేసి, ఆ బండిని పెళ్లిళ్లకీ షూటింగులకీ తనే నడపాలని ప్రాజక్త ఆశ. నాన్న పోయాక నిలేష్ మాత్రం కొనేవాణ్ణి పట్టుకొచ్చాడు. అమ్మ రత్నాబాయి ఎటు సంతకం పెడితే అటు.

"నన్నడుగుతవేంది? మీ నాయననే అడుగు," అంది రత్నాబాయి.

అడిగింది. ఆ రాత్రి అద్దం తుడుస్తూ, సగం నవ్వులాటకే అడిగింది — "బండి నేను నడపనా నాన్నా?"

గుర్రుమని చిన్న చప్పుడు. అద్దం ఎడమకి తిరిగింది... కుడికి తిరిగింది... మళ్లీ ఎడమకి.

పాలమూరు నుంచి కూలికొచ్చి ఆ గదుల వరస చాల్‌లోనే ఉండే పెంటమ్మ, నీళ్ల బిందెతో అక్కడే ఆగిపోయింది.

"వద్దంటుండు బిడ్డా..." బిందె కింద పెట్టేసింది. "నీ నాయన తల అడ్డంగ ఊపుతుండు."

ఈ పని తెలియని మనిషైతే ఇందులో ఏదో కిటుకుందని నవ్వేసేది. ప్రాజక్తకి పని వచ్చు, అందుకే చెమట పట్టింది. తాళం తిప్పందే ఆ మోటారుకి కరెంటు రాదు. అలా బిగించింది తనే. తాళంచెవి అమ్మ నడుముకి వేలాడుతోంది.

తర్వాత ఎప్పుడు అడిగినా అదే. ఆడపిల్ల చేతికి టాక్సీ ఇవ్వడం తండ్రి ఆత్మకి ఇష్టం లేదని చాల్ అంతా తేల్చేసింది. ఆ మాట ఫాక్‌లాండ్ రోడ్డు దాకా పాకింది. ప్రాజక్తకి భయం కన్నా ఆ మాటే ఎక్కువ కోసింది. బతికుండగా బండి నీదే అన్న మనిషి... పోయాక ఇలా మాట తప్పుతాడా?

కొనేవాడు మర్నాడొస్తాడనగా, చివరిసారి అద్దం తుడిచింది.

"సరే నాన్నా. అమ్ముకోమంటా."

అద్దం అడ్డంగా ఊగింది.

అర్థం కాలేదు. అమ్మొద్దంటున్నాడా?

"మరి నన్ను నడపమంటవా?"

అడ్డంగానే.

ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, ఇంకేం అడగాలో తోచక, రోజూ నాన్నకి చెప్పే మాటే చెప్పింది. "అమ్మ బీపీ గోలీలు అయిపోయినయి. రేపు తేనా?"

ఎడమకి... కుడికి... ఎడమకి.

ప్రాజక్త చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో అడుగు పెట్టగానే "అమ్మ గోలీలు తెచ్చినవా?" అని అడిగే మనిషి. ఆయన వద్దంటాడా?

ఈ దెయ్యానికి అవుననడం రాదు. నిలువుగా ఒక్కసారన్నా ఊగలేదు.

మూడో తీగ లేదు దీనికి.

తలుపు రబ్బరు కిందికి వేలు పోనిచ్చింది. తను వెయ్యని వైరు తగిలింది. సన్నది, తెల్లది, రెండు తీగలది... ఇళ్లలో కాలింగ్ బెల్లుకి వేసే రకం. చీకట్లో దాన్ని తడుముకుంటూ నడిచింది. తలుపు సందులోంచి గోడకి, గోడ మీది నీళ్ల పైపు వెంట పైకి, మొదటి అంతస్తు గ్యాలరీలోకి. అక్కణ్ణుంచి ఒక కిటికీలోకి.

అది తమ ఒంటిగది ఖోలీ కిటికీయే.

నిలేష్ లోపల నవ్వుకుంటూ కూర్చుని ఉంటాడనుకుంది. తిట్లన్నీ నోట్లో సిద్ధం చేసుకుని తలుపు తోసింది.

నిలేష్ లేడు. దీపం ఆర్పేసి ఉంది. కిటికీ పక్కన స్టూలు మీద రత్నాబాయి, కాళ్ల దగ్గర మోటారుసైకిలు బ్యాటరీ, ఒళ్లో స్విచ్చి. కింద కారుకేసే చూస్తూ ఇంకా నొక్కుతోంది. ఇటు... అటు... ఇటు.

కూతుర్ని చూసి చెయ్యి తీసింది.

"తిన్నవా?" అంది.

ప్రాజక్త ఆమె ఒళ్లోని స్విచ్చికేసి చూసింది.

"దాదా నొక్కుమన్నడు."

"ఎన్ని దినాలు?"

"నువ్వు సరే అనేదాంక."

"నేనింతకు ముందు ఏమడిగిన్నో వినబడ్డదా అమ్మా?"

"ఇంత మీదికి ఏం వినబడ్తది?" అంది రత్నాబాయి, స్విచ్చి కొంగు కింద దాచుకుంటూ. "నువ్వేదడిగినా వద్దనే చెప్పుమన్నడు."

బండిలో తన వాటా కోసం ప్రాజక్త తర్వాత కోర్టుకెళ్లింది. ప్రతివాదుల్లో మొదటి పేరు రత్నాబాయి.