చెవుల గదిలో పాత పాస్‌వర్డ్

“వాటిని నేను ముట్టుకోలేదక్కా,” అన్నాడు మావయ్య. పది నిమిషాల్లో ఆ మాట అనడం అది నాలుగోసారి.

అమ్మ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మావయ్య చెయ్యి ఊరుకునే రకం కాదు. బాగా పనిచేస్తున్న గడియారాన్ని కూడా లోపలేముందో చూద్దామని విప్పే మనిషి.

తెర మీద సేవ్ చేసిన పాస్‌వర్డుల పేజీ తెరిచి ఉంది. నిన్న సాయంత్రం వరకూ అందులో పదకొండు వెబ్‌సైట్ల పేర్లు, వాటి పక్కన పదకొండు చుక్కల వరసలు ఉండేవి. ఇప్పుడు కొత్తగా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది.

టైము పదీ ఇరవై.

మాది వినికిడి యంత్రాల షాపు. ముందు గదిలో అమ్మ కౌంటరు. వెనక గదిలో నా కంప్యూటరు, దాని పక్కనే అద్దం తలుపున్న చిన్న గది. బయటి చప్పుడు చొరబడని ఆ గదిలో కూర్చోబెట్టి జనం చెవులు పరీక్ష చేస్తాను. ఎవరి చెవికి ఏ శబ్దం ఎంత పెంచాలి, ఏది తగ్గించాలి అన్న సెట్టింగులన్నీ యంత్రాల కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ వెబ్‌సైట్ తలుపు ఇప్పుడు నా మొహం మీద మూసుకుపోయింది.

ముందు గదిలో సంగీతం టీచరు గారు కూర్చుని ఉన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. పాత యంత్రాలు పాడైతే కొత్త జత తెప్పించాం. పాత సెట్టింగులు దించి కొత్తవాటిలో ఎక్కించడం పది నిమిషాల పని. కానీ అవి మామూలు సెట్టింగులు కావు. వయొలిన్ తీగ మీద కమాను ఆనీ ఆనని ఆ చప్పుడు కూడా వినపడాలని, ఆవిడా నేనూ ఎనిమిది నెలలు కూర్చుని దిద్దుకున్నవి. పోతే మళ్ళీ ఎనిమిది నెలలే.

ఆవిడకి ఉన్నది రెండు గంటలు. పదకొండేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒంటిగంటకి మొదటిసారి స్టేజి ఎక్కుతోంది. హాలు ఇక్కడికి అరగంట దూరం. ఈ యంత్రాలు లేకుండా వెళితే శిష్యురాలి చేతులు కదలడం కనిపిస్తుంది. పాట వినపడదు.

కంపెనీ వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కాను. లింకు షాపు మెయిల్‌కి పంపామంది. షాపు మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఈ బ్రౌజర్లోనే ఉండేది. ఆ మెయిల్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు మావయ్య ఎప్పుడో పారేసిన సిమ్ముది. తాళంచెవిని పెట్టెలో పడేసి పెట్టెకి తాళం వేసిన తెలివి నాది. కంపెనీకి ఫోన్ చేస్తే రెండు పనిదినాలు పడుతుందని చాలా మర్యాదగా చెప్పారు.

అప్పుడంది అమ్మ, “ఈ పని చేసిందెవరో తేలనీ. మళ్ళీ ఈ గడప తొక్కనివ్వను.”

అంటున్నంతసేపూ తమ్ముడి వైపే చూసింది. మావయ్య తల ఇంకో అంగుళం దిగింది.

ఫోన్ చెయ్యాల్సింది ఒక్కరికే. ఆ ఒక్కరికి చెయ్యడానికే నాకు మొహం చెల్లలేదు.

రెండు షాపుల అవతల కంప్యూటర్లు బాగుచేస్తుంది ఆమె. వీధిలో నలభై షాపులు ఆమె చేతిమీద నడుస్తాయి. అందరూ డాక్టరమ్మ అంటారు. ఇవాళ పొద్దున నేను రాకముందు కూడా వచ్చి వెళ్ళిందట. మావయ్య బస్సు టైములు ప్రింటు తీద్దామని కూర్చుని, పిన్ ఐదుసార్లు తప్పు కొడితే, కంప్యూటరు మొండికేసి అసలు పాస్‌వర్డ్ అడిగింది. అది నాలుగేళ్ళ కిందట నేను పెట్టింది. పెట్టిన నాకే గుర్తులేదు. ఆమె వచ్చి రెండు నిమిషాల్లో తెరిచి వెళ్ళిపోయిందని అమ్మ చెప్పింది.

నా సిగ్గు దానికి కాదు. ఆర్నెల్ల కిందట ఆమె తనంతట తనే వచ్చి, పాస్‌వర్డులన్నిటికీ ఒక నకలు తీసి భద్రంగా పెట్టుకోండి, మూడు నిమిషాల పని అని చెప్పింది. నేను గొప్పగా, మా బ్రౌజర్‌కి ఏనుగంత జ్ఞాపకం, మీ మూడు నిమిషాలు ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే తల ఊపడమే.

అమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుని తనే చేసింది.

ఆమె రెండు నిమిషాల్లో వచ్చింది. భుజాన సంచి, జుట్టులో గుచ్చిన స్క్రూడ్రైవర్. నా వైపు చూసి, “ఏనుగు ఎలా ఉంది?” అంది.

“పోయింది,” అన్నాను.

అంతే. ఇంకో దెప్పుడు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఇంకో నాలుగు మాటలు పడడానికి సిద్ధంగా ఉన్నాను. అనకపోయేసరికే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె పని చేస్తుంటే చూడటం అదే మొదటిసారి. నేను వచ్చిందగ్గర్నుంచీ ఆ కంప్యూటర్లో కనిపించిన ప్రతి బటనూ నొక్కాను. ఆమె దేన్నీ ముట్టుకోలేదు. ముందు బ్రౌజర్ మూసేసింది. దాని ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసింది. ఏమీ తెలియకుండా వెతికితే ఉన్నది కూడా చెరిగిపోవచ్చని, చేతిలో నకలు ఉంటే భయం లేకుండా వెతకొచ్చని చెప్పింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. బ్రౌజర్‌లో మీ ఖాతాతో లాగిన్ అయి ఉన్నారా, అయితే ఫోన్లో కూడా ఉంటాయి. లేదు. ఎప్పుడైనా ఫైలుగా దించుకున్నారా. లేదు. ఇంకో కంప్యూటర్లో వాడారా. లేదు. మూడు లేదులకీ ఆమె కనుబొమ కూడా కదల్లేదు. కదిలినా బాగుండేది.

తర్వాత కంప్యూటరు తన పనులన్నీ టైముతో సహా రాసుకునే చిట్టా తెరిచింది. ఒక వరస దగ్గర ఆమె వేలు ఆగింది.

గోడ గడియారం వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. మొహంలో రంగు మారింది.

“దొరికాడా?” అంది అమ్మ గుమ్మంలోంచి.

“ముందు పెట్టె తెరుద్దాం ఆంటీ,” అంది ఆమె.

పాస్‌వర్డులు ఎక్కడికీ పోలేదని నాకు చెప్పింది. బ్రౌజర్ వాటిని ఒక పెట్టెలో పెట్టి, ఈ కంప్యూటరు లాగిన్ పాస్‌వర్డ్‌తోనే తాళం వేస్తుంది. పాతది చెప్పి కొత్తది పెట్టుకుంటే తాళం కూడా దానంతటదే మారుతుంది. పాతది తెలియకుండా బయటినుంచి బలవంతంగా మార్చేస్తే మాత్రం పెట్టె పాత తాళంతోనే ఉండిపోతుంది. లోపల అన్నీ ఉంటాయి, బ్రౌజర్‌కి కనిపించవు. పాత పాస్‌వర్డ్ మళ్ళీ పెడితే అన్నీ వెనక్కి వస్తాయి.

ఇంత విడమరిచి చెప్పినా నా బుర్ర వెలగలేదు. ఆ గంటలో నా బుర్ర ఆమె చేతులు చూడటం తప్ప ఇంకే పనీ చెయ్యడం లేదు.

ఏ మాట ఆ పాత తాళానికి సరిపోతుందో చూసే ఒక చిన్న ప్రోగ్రాం తెరిచి, గుర్తొచ్చినవన్నీ చెప్పమంది. అమ్మ పుట్టినరోజు చెప్పాను. షాపు పేరు, పాత బండి నంబరు, చదువుకున్న బడి చెప్పాను. పదహారు చెప్పాను. పదహారూ తప్పే. పదకొండు దాటింది. ముందు గదిలో టీచరు గారు చేతిసంచీ తెరిచి మూస్తున్నారు.

“తలని అడిగింది చాలు,” అంది ఆమె. “చేతుల్ని అడుగుదాం. పిన్ పెట్టుకోకముందు కొన్నాళ్ళయినా రోజూ కొట్టి ఉంటారు. వేళ్ళు అంత తొందరగా మర్చిపోవు.”

వైర్‌లెస్ కీబోర్డు నా చేతికిచ్చి, నన్ను నా చెవుల గదిలోకే తోసి తలుపు వేసింది. నేను జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో నేను. నేను జనానికి పెట్టే హెడ్‌ఫోన్లు నా చెవులకి. అద్దం అవతల నా మైకు ముందు ఆమె. నాలుగేళ్ళలో ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. చప్పుడనేదే లేని చోట ఒక మనిషి గొంతు ఎంత దగ్గరగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

“కళ్ళు మూసుకోండి,” అంది. “షాపు తెరిచిన రోజు చెప్పండి. పాస్‌వర్డ్ గురించి ఆలోచించొద్దు.”

చెప్పాను. బోర్డు వంకరగా బిగించారని, అమ్మ నిచ్చెన పట్టుకుని కేకలేసిందని. మధ్యాహ్నం బండి యంత్రాల పెట్టెల్ని పేవ్‌మెంట్ మీద దించేసి పోయిందని. షట్టరు ఇరుక్కుని పైకి లేవలేదని. అప్పుడే వాన మొదలైందని, మామూలు వాన కాదని.

“లోపలికొచ్చారు. తల తుడుచుకున్నారు. కొత్త కంప్యూటరు ముందు కూర్చున్నారు. పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టండి.”

వేళ్ళు కదిలాయి. నేను కదపలేదు, అవే కదిలాయి. మొదటిసారి ఎక్కడో తడబడ్డాయి. రెండోసారి చివర్లో ఆగాయి. మూడోసారి గబగబా వెళ్ళి చివర రెండు అంకెలు కొట్టి ఎంటర్ మీద వాలాయి.

కళ్ళు తెరిచాను. తాళం కుదిరినట్టుంది, ఆమె తెర వైపే చూస్తోంది.

“ఎర్రగొడుగు,” అని చదివింది మెల్లగా. “ఒకటి, ఏడు.”

చెవులు బాగుచేసే నాకు నా చెవులు కాలిపోతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. “పదిహేడో తారీఖు,” అన్నాను. “ఆ రోజు ఎవరో ఒకమ్మాయి...”

“నేను మీకు గొడుగు పట్టినట్టు గుర్తులేదే.”

“నాకు పట్టలేదు. పెట్టెలకి పట్టారు. మనిషి తడిస్తే ఆరతాడు, మిషను తడిస్తే ఆరదు అన్నారు. షట్టరు లేచేదాకా తడుస్తూ నిలబడి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాకు ఇంకే మాటా తోచలేదు.”

అద్దం అవతల అమ్మ, మావయ్య వచ్చి నిలబడ్డారు. వాళ్ళకి మా పెదాలు కదలడమే కనిపిస్తోంది. ఏమిటా పాస్‌వర్డ్ అని అమ్మ అడిగినట్టుంది, ఆమె మైకు బటను మీంచి చెయ్యి తియ్యకుండానే జవాబు చెప్పడం నాకు వినపడింది. “అది ఎవరికీ చెప్పకూడదు ఆంటీ.”

తర్వాత అంతా పరుగే. ఆమె ఆ పాత మాటనే మళ్ళీ లాగిన్ పాస్‌వర్డుగా పెట్టి కంప్యూటరు తిరిగి మొదలెట్టింది. బ్రౌజర్ తెరిచింది. తెల్లగోడ మీద పదకొండు పేర్లూ వరసగా లేచి నిలబడ్డాయి. పదకొండూ నలభైకి టీచరు గారి సెట్టింగులు దిగాయి. పదకొండూ యాభైకి యంత్రాలు ఆవిడ చెవులకి ఎక్కాయి. నేను బల్ల మీంచి ఒక కాగితం తీసి దాని అంచు మీద గోటితో మెల్లగా గీశాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. “అదే,” అన్నారు. “కమాను ఆనే చప్పుడు అదే నాయనా.” లేచి, దారిలో డాక్టరమ్మ చెంప ఒకసారి నిమిరి, తన కోసం ఆగి ఉన్న కారు వైపు గబగబా నడిచారు.

వెనక గదిలో ఆమె పని ఇంకా అవలేదు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైలుగా దించుతోంది. ఈ ఫైలు ఎవరు తెరిచినా చదివేయగలరు కాబట్టి ఇలా వదలకూడదని, తాళం ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి ఎక్కించి దీన్ని చెరిపెయ్యాలని, ఆ ఒక్క తాళాన్ని మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలని చెప్పింది. మెయిల్‌కి నా నంబరు పెట్టింది. గడియారం చూశాను. మూడు నిమిషాలే పట్టింది.

“ఆర్నెల్ల కిందటి మాటకి క్షమించండి,” అన్నాను. “ఇంకోటి కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట చెప్పాల్సింది, కంప్యూటర్‌కి చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పనా?”

ఆమె పెన్‌డ్రైవ్ తీసి గుప్పిట్లో పట్టుకుంది. “ముందు నేను చెప్పేది వినండి. ఆ చిట్టాలో వరస పొద్దున తొమ్మిదీ పన్నెండుది.”

తొమ్మిదీ పన్నెండు. మావయ్య పిన్ తప్పు కొట్టిన తర్వాత. కంప్యూటరు తెరుచుకున్న నిమిషం. ఆ నిమిషంలో ఈ కుర్చీలో కూర్చున్నదెవరో అప్పటికి నా బుర్ర వెలిగింది.

“పొద్దున తొందరలో ఉన్నాను,” అందామె. “ఇంకో షాపు వాళ్ళు పిలుస్తున్నారు. మార్చేముందు బ్రౌజర్‌లో ఏమైనా దాచారా అని అడగాలి. నలభై షాపుల్లో అడుగుతాను. ఇక్కడ అడగలేదు.”

“ఎవరికీ తెలియదు. ఆ చిట్టా చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు.”

“నాకు వచ్చుగా.”

మనిషిని చూసి ముచ్చటపడటం వేరు, గౌరవంతో తల వంచడం వేరు. ఆ రెండూ నాకు ఒకేసారి జరిగాయి. ఇది తెలిశాక కూడా అడగాలనిపిస్తే అడగండి అంది. ఇప్పుడే అడుగుతున్నాను, నన్ను పెళ్ళి చేసుకుంటారా అన్నాను. ఆమె జుట్టులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మళ్ళీ అక్కడే గుచ్చుకుంది.

“సరే,” అంది. “మీ అమ్మగారు గడప తొక్కనిస్తే.”

ముందు గదిలో అమ్మ గొంతు పెరిగింది. రేపటినుంచి వెనక గదికి రావద్దని, అసలు షాపుకే రావద్దని మావయ్యతో చెప్తోంది. మావయ్య ఈసారి ముట్టుకోలేదని కూడా అనడం లేదు. కండువా భుజాన వేసుకుని లేస్తున్నాడు.

నేను ఒక్క అంగలో గుమ్మం దాటాను. “మావయ్య కాదమ్మా. నేనే. పొద్దున వచ్చి ఏదో నొక్కాను.”

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తొమ్మిదిన్నర దాకా ఇంట్లో దుప్పటి తన్ని పడుకున్నవాడివి నువ్వేం నొక్కావురా అంది.

నా వెనకనుంచి ఆమె వచ్చింది. సంచి కింద పెట్టింది. మావయ్య భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. అమ్మకి ఎదురుగా నిలబడి, అమ్మ కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

“వీళ్ళిద్దరూ కాదు ఆంటీ. పొద్దున ఆ పాస్‌వర్డ్ అడగకుండా మార్చేసింది నేను.”