మీటర్ ఆపిన వేలు

ఆదివారం పొద్దున కమలాకర్ ఇంట్లో మనుషులకంటే ముందు సైకిళ్లకు సేవ జరుగుతుంది. అమీర్‌పేట సందులోని ఆ చిన్న ఇంట్లో సోఫా వేసుకోవాల్సిన చోట రెండు సైకిళ్లు గోడకు ఆనుకుని ఉంటాయి. చుట్టాలొస్తే మనుషులే సర్దుకుని కూర్చోవాలి తప్ప సైకిళ్లు మాత్రం కదలవు. ఆదివారాలు మొగుడి మొహం చూడాలంటే తనూ తొక్కక తప్పదని ఉష నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. గండిపేట దాకా పోయి, రోడ్డు పక్కన ఇడ్లీలు తిని, ఎండ ముదరకముందే తిరిగొచ్చే సైకిల్ గుంపులో భార్యాభర్తలు కలిసి వచ్చేది వీళ్లిద్దరే.

పోయిన ఎండాకాలం పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుండగా ఉష చక్రం ఇసుకలో జారింది. హెల్మెట్ తలను కాపాడింది గాని, కుడి భుజం నేలకు కొట్టుకుని మెడ దగ్గర నరాలు తెగిపోయాయి. ఆపరేషన్ అయింది. నెలల తరబడి కసరత్తులు చేయించారు. కుడి చెయ్యి కదలలేదు, గిల్లినా తెలియలేదు. సిరిసిల్లలో పుట్టి, గుడ్డను చేత్తో తడిమి దాని గుణం చెప్పగలిగిన మనిషి ఆమె. ముందుగదిలో మెషిన్ పెట్టుకుని ఆ చుట్టుపక్కల సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టింది. ఇప్పుడు ఆ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

కమలాకర్ చేసిన సేవను మాత్రం తక్కువ చేయకూడదు. వంట అతనే, బట్టలు ఉతకడం అతనే. ఆమె చీర కుచ్చిళ్లు పెట్టడం కూడా నేర్చుకున్నాడు. వీటన్నిటితో పాటు ప్రతి ఆదివారం ఆమె సైకిల్ టైర్లలో గాలి కొట్టేవాడు. ఎవరూ ఎక్కని సైకిల్‌కు గాలి ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఆదివారం కూడా అతను పంపు పట్టుకుని ఉండగానే, ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి వసుమతి టీచర్ పట్టుగుడ్డ తీసుకుని వచ్చింది.

"ఉష గారు మళ్లీ కుడుతున్నారేమో అడిగి వెళ్దామని వచ్చానండీ. మా అమ్మాయి పెళ్లి వచ్చే వేసవికి."

"ఇచ్చిపోండి మేడం. అప్పటికల్లా ఉషనే కుడుతది," అని కమలాకర్ చెయ్యి చాచాడు.

ఉష లోపలినుంచి వచ్చి ఎడమ చేత్తో ఆ కవర్ తీసుకుని, తిరిగి టీచర్ చేతిలోనే పెట్టింది. "వేరే తాన ఇచ్చుకోండి మేడం. పెళ్లి జాకెట్ గద, ఆగం జేసుకోకుండ్రి."

టీచర్ వెళ్లిపోయాక కమలాకర్ చిన్నబుచ్చుకున్నాడు. "ఎందుకట్ల నిరాశ పడుతవ్? మొన్న డాక్టర్ ఏమన్నడు? జర టైం పడుతదన్నడు గద. వస్తది, ఫికర్ చెయ్యకు."

డాక్టర్ ఆ మాట అనలేదు. ఈ చెయ్యి ఇంతేనమ్మా, ఎడమ చేతికి అలవాటు పడండి అన్నాడు. ఆ మాట ఇద్దరూ పక్కపక్కన కూర్చునే విన్నారు. తిరిగొచ్చే ఆటోలో కమలాకర్ దాన్ని మార్చేసి చెప్పడం మొదలుపెట్టాడు. అతను అంత నమ్మకంగా చెబుతుంటే, విన్నది తనేనా కాదా అని ఉషకు అనుమానం వచ్చేది.

అంతలో సందులో గంటలు మోగాయి. సైకిల్ గుంపు వాళ్లు పదిమంది దాకా రంగురంగుల బనీన్లలో గేటు ముందు నిలబడి ఉన్నారు. మధ్యలో రెండు సీట్లు, రెండు జతల పెడళ్లున్న పొడుగాటి సైకిల్ ఒకటి ఉంది.

"ఉష గారూ, బయటికి రండి!" అని వివేక్ అరిచాడు. అతనిది కాకినాడ, ఎర్రమంజిల్‌లో సర్కారు ఉద్యోగం. "ఇది మన గ్రూపంతా కలిసి తెప్పించాం. ముందు కమలాకర్ గారు, వెనకాల మీరు. హ్యాండిల్ తిప్పే పనే లేదు, తొక్కితే చాలు. ఐడియా మొత్తం ఆయనదేనండీ!"

ఎదురింటి బాల్కనీలోకి హాస్టల్ పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఉష భర్త వైపు చూసింది. అతని మొహం పండగపూట పిల్లాడి మొహంలా ఉంది. అంత సంబరం చూస్తూ వద్దనడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

"పో బిడ్డా, ఒక్క చక్కర్ కొట్టిరా," అంది అత్త కాంతవ్వ గడప మీద కూర్చుని. "నా కొడుకు మస్తు ఆశ పెట్టుకున్నడు."

ఉష ఎక్కింది. సైకిల్ కదిలింది. చాలా రోజుల తర్వాత మొహానికి గాలి తగిలింది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, ఆమెకు హాయిగా అనిపించింది. సందు చివర మెయిన్ రోడ్డు మీద ఆటో అడ్డం రావడంతో కమలాకర్ బ్రేకు వేశాడు. ఇంకా కాలు నేలకు ఆనలేదు, హ్యాండిల్ మీదున్న మీటర్ బీప్‌మంది.

సైకిలోళ్లకు ఒక పిచ్చి ఉంటుంది. ఎంత దూరం, ఎంత వేగం అని ఆ మీటర్ లెక్క కడుతూ ఉంటుంది. ఆగినప్పుడు బటన్ నొక్కి దాన్ని ఆపకపోతే సగటు వేగం పడిపోతుంది. పడిపోతే ఎవరి కొంప మునుగుతుందో ఆ దేవుడికే తెలియాలి. కానీ సిగ్నల్ దగ్గర వాళ్ల బొటనవేలు కాలికంటే ముందు కదులుతుంది.

ఉష సైకిల్ దిగింది. వెనక్కి తిరిగి ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టినవాళ్లంతా ఎటు చూడాలో తెలియక హెల్మెట్లు సర్దుకున్నారు.

కమలాకర్ ఆమె వెనకే ముందుగదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "గంత మంది ముంగట ఇజ్జత్ తీస్తివి గద! వాళ్లేమనుకుంటరు? నీ కోసమే గద ఇదంత?"

"మల్ల నొక్కినవ్," అంది ఉష.

"ఏంది నొక్కింది?"

"మీటర్. ఆగంగనే నొక్కినవ్."

"ఆగితే నొక్కుతరు. అందరం నొక్కుతం. నువ్వు నొక్కలేదా ఎన్నడు? దీనికి దిగిపోతవా?"

"ఆ రోజు సుత నొక్కినవ్."

కమలాకర్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నేనా? నువ్వు పడంగనే సైకిల్ ఇసిరికొట్టి ఉరికొచ్చిన! నిన్ను చేతుల మీద ఎత్తుకున్న. వివేక్‌ను అడుగు, ఎవ్వల్నన్న అడుగు!"

"ఉరికొచ్చినవ్. కాదంటలేను. ఉరికేముందు నొక్కినవ్." ఆమె గొంతు పెరగలేదు, దానికే అతనికి భయమేసింది. "నేను కింద పడి ఉన్న. తల నీ దిక్కే ఉన్నది. లేద్దామంటే రాలే. నువ్వు ఆగినవ్, నన్ను చూసినవ్. చూసినంక నీ వేలు మీటర్ మీదికి పోయింది. బీప్‌మన్నది. అప్పుడు సైకిల్ ఇడిసిపెట్టినవ్."

"అబద్ధం."

తలుపు తోసుకుని కాంతవ్వ లోపలికి వచ్చింది. "ఏందే ఉషా, గంత చిన్నదానికి వానిమీద గిట్ల పడుతవా? నీకు వాడు ఎంత సేవ చేస్తుండు!"

"చిన్నదే అత్తమ్మా. చిన్నది గాబట్టే ఇన్ని దినాలు ఎవ్వలికి చెప్పలే. చెప్తే నవ్వుతరు. ఆయన నా కుచ్చిళ్లు పెట్టినప్పుడల్ల, ఇంత మంచోని మీద ఇదేం పాపపు మాటని నోరు మూసుకున్న. కానీ కండ్లు మూస్తే అదే బీప్ ఇనవడుతది. నా చెయ్యి పోతున్న టైంల నా మొగుడు దేన్ని కాపాడుకున్నడు?"

జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పనే కమలాకర్ చేశాడు. కోపంగా బయటికి నడిచాడు. గుంపు అప్పటికే చెదిరిపోయింది. వివేక్ ఇంట్లో అప్పగిద్దామని, వాళ్లు గేటుకు ఆనించి పోయిన ఆ రెండు సీట్ల సైకిల్‌ను కమలాకర్ ఒక్కడే తొక్కుకుంటూ బయలుదేరాడు. మెట్రో పిల్లర్ల నీడలో వెనక సీటు ఖాళీగా ఊగుతుంటే, దారిపొడుగునా తనలో తానే వాదించుకున్నాడు. తన మీద ఇంత నింద వేస్తుందా? దెబ్బకు తల చెదిరి లేనిదేదో చూసి ఉంటుంది. ప్రాణం పెట్టి చూసుకుంటున్న మనిషికి దక్కేది ఇదా?

పంజాగుట్ట చౌరస్తా దాటుతుండగా, ఎదురుగా బస్సు దిగుతున్న ఒక ముసలాయన కాలు మడతపడి రోడ్డు మీద బోర్లా పడిపోయాడు. కమలాకర్ బ్రేకు వేశాడు. అయ్యో అని నోరు అరిచింది. పూలమ్మే ఆవిడ గంప కింద పెట్టి పరుగెత్తింది. ఒక ఆటో అతను దిగి వచ్చాడు. ఇద్దరూ ముసలాయన్ను లేపి కూర్చోబెడుతున్నారు. తను ఇంకా ఎందుకు దిగలేదా అని కమలాకర్ కిందికి చూసుకున్నాడు.

బొటనవేలు బటన్ మీద ఉంది. మీటర్ ఆగి ఉంది.

అతనికి బీప్ కూడా వినిపించలేదు. ముసలాయన పంచె దులుపుకుని, ఏం కాలేదులే అంటూ నడిచిపోయాడు. ఎవరో హారన్ కొడితే గాని కమలాకర్ అక్కణ్నుంచి కదలలేదు. కదిలాక సైకిల్ ఎక్కలేకపోయాడు. నడిపించుకుంటూ పోయి, వివేక్ గేటు దగ్గర దాన్ని వదిలేసి తిరిగొచ్చాడు.

ఉష ముందుగదిలో నేల మీద కూర్చుని ఉంది. పొద్దుటి ఉప్మా ప్లేటు ముట్టకుండా అలాగే ఉంది. కమలాకర్ ఆమెకు ఎదురుగా చతికిలబడ్డాడు.

"నొక్కిన ఉషా," అన్నాడు. "ఇప్పుడు ఒక ముసలాయన పడ్డడు. నాకు తెల్వకుండనే నొక్కిన. ఆ రోజు సుత నొక్కే ఉంట. యాదికి లేదు. కానీ నువ్వు చూసింది నిజం."

ఉష గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. "నా దిమాగ్ ఖరాబైందనుకున్న," అంది మెల్లగా. "చెయ్యితోటి తల సుత పోయిందేమో, దేవునసొంటి మనిషి మీద లేనిది పుట్టిస్తున్ననేమో అని, నన్ను నేను ఎన్ని తిట్టుకున్ననో నీకు తెల్వది."

అతను ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. క్షమించమని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు. అడిగితే ఆమె ఏమనేదో కూడా చెప్పలేం. ఒక్క క్షణం కంటే తక్కువసేపు జరిగినదాన్ని దిద్దుకోవడానికి జీవితమంతా సేవ చేసినా చాలదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఒకటడుగుత," అంది ఉష. "ఇప్పుడన్న ఉన్నదున్నట్టు చెప్పు. మొన్న డాక్టర్ ఏమన్నడు?"

వస్తది అన్న మాట అలవాటుగా అతని నోటిదాకా వచ్చింది. పెదవులు కదిలాయి కూడా. అతను ఆ మాటను మింగి, ఆమె కళ్లలోకి చూశాడు.

"రాదు ఉషా. ఇంక రాదన్నడు."

ఆమెకు తెలియని సంగతి కాదు. అయినా భర్త నోటి నుంచి విన్నాక, పడ్డ రోజు కూడా ఏడవని మనిషి గొంతెత్తి ఏడ్చింది. కత్తెర కోసం ఏడ్చింది, పట్టుగుడ్డ కోసం ఏడ్చింది, ఇన్ని నెలలు ఒంటరిగా మోసిన దుఃఖమంతా ఏడ్చింది. పక్కగదిలో కాంతవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. కమలాకర్ ఆమె కుడి చేతిని పట్టుకోబోయి ఆగాడు. అది పట్టుకున్నా ఆమెకు తెలియదు. అవతలి పక్కకు జరిగి, ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.